ఊ, ఊహూ

డండీలో జనవరి. మూడున్నరకే దీపాలు.
టే నది వంతెన మీద రైలు పోతుంటే
కిటికీల వరస వెలిగి, ఆరి, వెలిగి.
నాకిప్పుడు ఏది చూసినా ఒకట్లూ సున్నాలే.

బార్లీ గింజ ఎప్పుడు పడుకుంటుంది, ఎప్పుడు లేస్తుంది,
ఇదీ నా ఉద్యోగం.
తెల్ల పలక మీద తొమ్మిది జన్యువుల్ని సున్నలుగా చుట్టాను.
మధ్యలో గీతలు:
కొసన బాణం ఉంటే, నువ్వు లే.
కొసన అడ్డగీత ఉంటే, నువ్వు నోర్మూసుకో.
ఒక్కోదానికీ రెండే మాటలు నేర్పాను,
ఊ, ఊహూ.
ఎంత చలి, ఎన్ని అణువులు, అవేవీ వద్దన్నాను.
నిజం ఇంత బీదగా ఉంటుందా అని అడక్కండి.
పటంలో కుక్కల అరుపులుండవు,
అయినా ఊరు చేరతాం.

తొమ్మిదింటికి ఐదువందల పన్నెండు స్థితులు.
ఒక్కోదాన్నీ వదిలి చూశాను,
చూరునీళ్ళు వాలు వెతుక్కున్నట్టు
మూడొందల ఒకటి నిద్రలోకి జారాయి,
నూట నలభై ఏడు మొలకలోకి.
మిగిలిన అరవై నాలుగూ ఎటూ పోలేదు.
గిబ్బరెలిన్ లేవమంటుంది, అబ్సిసిక్ ఆమ్లం పడుకోమంటుంది,
ఇద్దరూ ఒకేసారి అరుస్తారు,
ఇద్దరూ ఒకేసారి జడిసి ఊరుకుంటారు,
మళ్ళీ ఇద్దరూ.
ఊ ఊ. ఊహూ ఊహూ. ఊ ఊ.
గానుగెద్దుకైనా సాయంత్రం ఉంటుంది.

నాకు పొగరొచ్చింది.
‘గింజకు మూడో గతి’ అని శీర్షిక కూడా పెట్టేశాను.

ఎల్స్‌పెత్ రాటరేకి చూపించాను.
ముప్ఫై ఒక్క ఏళ్ళుగా తడి అద్దుడు కాగితం మీద
పట్టకారుతో గింజలు లెక్కపెడుతున్న మనిషి.
కళ్ళజోడు నుదుటి మీదకి తోసి చాలాసేపు చూసింది.
“మొలిచినవి చూశాను. మొలవనివి చూశాను.
బూజు పట్టినవి కూడా చూశాను.
ఇట్లా ఊగేది మాత్రం
ఏ కొట్లో కొన్నావో చెప్పు.”

మర్నాడు మెట్ల మలుపులో ఎదురుపడ్డాం.
నా చేతిలో టీ, ఆవిడ చేతుల్లో పళ్ళేల దొంతర.
నేను గోడ వైపు జరిగాను, ఆవిడా అటే.
నేను కమ్మీ వైపు. ఆవిడా.
సారీ. సారీ. మళ్ళీ గోడ.
నాలుగోసారి ఆవిడ ఆగిపోయింది.
“ఎవరో ఒకరం ఆలస్యం కావాలమ్మాయ్,
లేకపోతే ఇద్దరికీ ఇక్కడే పెన్షనొస్తుంది.”

టీ నా చొక్కా మీద ఉంది.
నేను మాత్రం అప్పటికే ప్రోగ్రాంలోని ఒక్క వాక్యం దగ్గరున్నాను:
అందరూ, ఒకే క్షణంలో, మారండి.
కణంలో బడిగంట కొడతారని నాకెవరు చెప్పారు?
ఒకదానికి తెరుచుకోవడానికి నిమిషాలు,
ఒకదానికి పూటలు.
డ్రిల్లు మాస్టార్లా ఈల వేసింది నేనే,
ఆ కవాతు చూసి ప్రకృతి అనుకున్నదీ నేనే.

ఆ వాక్యం కొట్టేశాను.
ఒక్కొక్కరే, వరస లేకుండా, అన్నాను.
రాత్రి రెండింటికి గానుగ విరిగింది.
అరవై నాలుగూ, కొన్ని అటు, కొన్ని ఇటు,
కాదు, అసలు తమాషా అది కాదు:
అదే స్థితి ఒకసారి నిద్రలోకి, ఇంకోసారి మొలకలోకి.
ముందెవరు నోరు తెరిచారన్నదే తేడా.
వెయ్యిసార్లు తిప్పినా నా చేతికొచ్చింది
ఇన్నిసార్లు అటు, ఇన్నిసార్లు ఇటు అనే వాటాయే,
ఈ గింజ సంగతి కాదు.

చిన్నప్పుడు మా పిన్ని కథ చెప్తూ ఊ కొట్టమనేది.
ఊ ఆగితే నిద్రపోయానని దీపం తగ్గించేది.
కొన్నిసార్లు నేను నిద్రపోలేదు పిన్నీ.
రాక్షసుడు తలుపు తీస్తున్నాడు,
నోరు రాలేదు.

పొద్దున్నే ఏడింటికి ఎల్స్‌పెత్ పళ్ళెం మూత తీసింది.
ఒకే కంకి, ఇరవై నాలుగు గింజలు.
పదిహేడింటికి తెల్లని వేరు మొన.
ఏడు ఊరుకున్నాయి.
ఆవిడ పుస్తకంలో రెండే గడులు.
రెండో గడిలో ఏడు అని రాసింది, పెన్సిల్‌తో.
పెన్నుతో రాయరా అన్నాను.
“గురువారం దాకా ఆగు” అని
పట్టకారు తుడుచుకుంది.